మారిషస్ వెళ్లే మన వాళ్లకు



ఈ మధ్య మన వైపు పెళ్లి ఇళ్లల్లో ఒక మాట తరచుగా వినపడుతోంది. పెళ్లయిన పిల్లలు మారిషస్ వెళ్తున్నారట అని. డోర్నకల్‌లో విన్నాను, మహబూబాబాద్‌లో విన్నాను, జనగామలోనూ విన్నాను. చీటీ ఎత్తి టికెట్లు కొన్నవాళ్లున్నారు. భూపాలపల్లి గనుల్లో పనిచేసి రిటైరైన తల్లిదండ్రులను పిల్లలు వెంటబెట్టుకుని తీసుకెళ్తున్న ఇళ్లూ ఉన్నాయి. చాలా సంతోషం. ఏళ్ల తరబడి కష్టపడ్డవాళ్లు ఒక్కసారి సముద్రం మధ్యలో దీవిని చూసి వస్తామంటే కాదనేవాళ్లెవరు?

అయితే మన డోర్నకల్ రైలు జంక్షన్ ఊరు. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో మన చిన్నపిల్లలు కూడా చెప్తారు. సముద్రం సంగతి వేరు. విదేశం సంగతి వేరు. అందుకే ఇవాళ మూడు విషయాల గురించి కాస్త వివరంగా మాట్లాడదామనుకుంటున్నాను. ఏ కాలంలో వెళ్లాలి. ఏ కాగితాలు పెట్టుకోవాలి. సముద్రంలో ఎట్లా మెలగాలి. కాలం, కాగితాలు, సముద్రం. ఆ తర్వాత అక్కడున్న మన తెలుగువాళ్ల గురించి కొంచెం చెప్తాను. అదే నాకు అన్నిటికంటే ముఖ్యం.

ముందు కాలం సంగతి.

మారిషస్ హిందూ మహాసముద్రంలో, ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవికి తూర్పున ఉంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. అందువల్ల అక్కడి రుతువులు మనకు తలకిందులు. మనకు చలికాలమైతే వాళ్లకు ఎండాకాలం. మనకు ఎండలు మండుతుంటే వాళ్లకు చల్లని రోజులు మొదలవుతాయి. మే నెలలో మహబూబాబాద్ మిర్చి యార్డు దగ్గర నిలబడితే ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. అదే మే నెలలో మారిషస్ తీరంలో హాయిగా తిరగొచ్చు. కాబట్టి పిల్లల వేసవి సెలవులు దీనికి చక్కని సమయం. మళ్లీ దసరా నుంచి దీపావళి దాకా కూడా బాగుంటుంది. గుర్తుంచుకోండి. మన వేసవి సెలవులు, లేదంటే దసరా రోజులు.

మరి సంక్రాంతికి వెళ్తే? జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు అక్కడ తుపానులు ఎక్కువగా వచ్చే కాలం. తప్పకుండా తుపాను వస్తుందని కాదు. రావచ్చు. 2024 జనవరిలో బెలాల్ అనే తుపాను వచ్చింది. రాజధాని పోర్ట్ లూయీ వీధుల్లో నీళ్లు ఒక్కసారిగా ఎగదన్నాయి, కార్లు కొట్టుకుపోయాయి. అదే ఏడాది ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో మనకేం జరిగిందో మరిచిపోయారా? ఆకేరు పొంగింది, మున్నేరు పొంగింది. కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. నీళ్లు ఎంత తొందరగా లేస్తాయో మన కళ్లతో మనం చూశాం. అక్కడైనా నీళ్ల స్వభావం అదే.

అక్కడ తుపాను హెచ్చరికలు అంకెలతో చెప్తారు. అంకె పెరిగేకొద్దీ ముప్పు దగ్గరికొస్తున్నట్టు లెక్క. మూడో హెచ్చరిక వచ్చిందంటే ఇక గది దాటొద్దు. బస్సులు ఆగిపోతాయి, దుకాణాలు మూసేస్తారు, విమానాలూ ఆగుతాయి. ఇంకొక్క మాట, దీన్ని గట్టిగా చెప్పాలి. తుపాను మధ్యలో గాలి ఒక్కసారి ఆగిపోవచ్చు. ఆకాశం తేటబడొచ్చు. అయిపోయిందనుకుని బయటికి రావద్దు. అది తుపాను కన్ను. కాసేపట్లో గాలి అవతలి దిక్కు నుంచి, అంతే బలంగా కొడుతుంది. హోటల్ వాళ్లు చెప్పేదాకా లోపలే ఉండండి.

ఇంకో చిన్న సంగతి. దీవి చిన్నదే అయినా అంతటా ఒకే వాతావరణం ఉండదు. చల్లని నెలల్లో తూర్పు తీరంలో గాలి ఎక్కువ, పడమటి తీరం కొంత నెమ్మదిగా ఉంటుంది. మధ్యలో ఎత్తయిన ప్రాంతం, క్యూర్పిప్ అనే ఊరి వైపు, చినుకులూ చలీ రెండూ ఉంటాయి. పెద్దవాళ్లకు ఒక స్వెటర్ పెట్టండి. ఎండ దేశం కదా అని మానొద్దు.

ఇక కాగితాలు.

భారతీయులు మారిషస్‌కు పర్యటనకు వెళ్లేటప్పుడు ముందుగా వీసా తెచ్చుకోవలసిన పని లేదు. అక్కడ విమానాశ్రయంలోనే ముద్ర వేస్తారు. ఈ మాట విని చాలామంది ఇంకేం అక్కర్లేదనుకుంటారు. అక్కడే చిక్కొస్తుంది. ఆ ముద్ర వేసే అధికారి మిమ్మల్ని కొన్ని అడుగుతాడు. తిరుగు టికెట్ ఏది? ఎక్కడ ఉంటారు? ఖర్చులకు డబ్బుందా? ఈ మూడింటికీ చేతిలో కాగితం ఉండాలి. ఫోన్‌లో ఉందంటే సరిపోదు. ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, నెట్ రాదు. కాగితం మీద తీసి పెట్టుకోండి. తిరుగు టికెట్, హోటల్ కాగితం, డబ్బుకు ఆధారం. ఒక కాపీ మీ దగ్గర, ఇంకో కాపీ మీ జతగాళ్ల సంచిలో.

పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండేట్టు చూసుకోండి. పాస్‌పోర్టే లేకపోతే పెళ్లి ముహూర్తం పెట్టుకున్న రోజే దరఖాస్తు చేయండి. మనకు వరంగల్‌లోనే సేవా కేంద్రం ఉంది, హైదరాబాద్ దాకా పరుగెత్తక్కర్లేదు. పోలీసు విచారణకు మీ ఇంటికి వస్తారు కాబట్టి అద్దె ఇల్లు మారే హడావుడిలో ఈ పని పెట్టుకోకండి.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. ఇంటిపేరు. ఒక కాగితం మీద ఇంటిపేరు ముందుంటుంది, ఇంకో దాని మీద వెనకుంటుంది. ఒక చోట ఒక్క అక్షరమే ఉంటుంది. విమానం టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఎట్లా ఉందో అచ్చం అట్లాగే ఉండాలి. కొత్త పెళ్లికూతుళ్లకు చెప్తున్నాను, వినమ్మా. నీ పాస్‌పోర్టు పుట్టింటి పేరు మీద ఉంటే టికెట్ కూడా ఆ పేరు మీదనే కొనాలి. అత్తింటివారి పేరు మీద టికెట్ కొన్నారంటే విమానం ఎక్కనివ్వకపోవచ్చు. పేరు మార్పు తిరిగొచ్చాక నిదానంగా చేయించుకోవచ్చు.

ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి. దానికి మారిషస్ ప్రభుత్వం డబ్బు తీసుకోదు. డబ్బు అడిగే వెబ్‌సైటు కనపడితే అది ప్రభుత్వానిది కాదని తెలుసుకోండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు విమాన సంస్థను ఒకసారి అడగండి.

మందుల విషయం. ఇంట్లో చేసినట్టు మాత్రలన్నీ ఒక్క డబ్బాలో కలిపి పోసుకుని వెళ్లొద్దు. ఏ మాత్ర ఏ పట్టీలోదో ఆ పట్టీతోనే ఉంచండి. డాక్టరు చీటీ వెంట పెట్టుకోండి. మత్తు గుణమున్న నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు అక్కడ కట్టుదిట్టంగా చూస్తారు. మత్తుమందుల చట్టం చాలా కఠినం. కాబట్టి ఎవరైనా, ఎంత దగ్గరివాళ్లయినా, ఈ పొట్లం మా వాళ్లకిమ్మని చేతిలో పెడితే తీసుకోవద్దు. మొహమాటపడొద్దు. ఈ-సిగరెట్లు కూడా అక్కడ నిషేధం.

పచ్చళ్లు తీసుకెళ్లొచ్చా అని అడిగే అమ్మలు ఉంటారు. గట్టిగా సీలు వేసిన ప్యాకెట్టయితే, అడిగినప్పుడు దాచకుండా చూపించండి. పచ్చి కాయలు, కరివేపాకు, మొక్కలు, గింజలు మాత్రం వద్దు. మన చపాట మిర్చి గింజలు అక్కడి వాళ్లకు ఇద్దామని ఎంత ప్రేమ ఉన్నా, వద్దు. అది దీవి. బయటి నుంచి వచ్చిన ఒక్క పురుగు, ఒక్క తెగులు చాలు, పంటంతా ఆగమవుతుంది.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు చాలామంది ముంబైలో విమానం మారుతుంటారు. ముంబై నుంచి నేరుగా ఎగిరితే దాదాపు 6 గంటల ప్రయాణం. కొందరు ఖర్చు తగ్గుతుందని ఖమ్మం, వరంగల్ మీదుగా వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై దాకా రైలులో పోతారు. పోవచ్చు. విమానానికి ఒక రోజు ముందే చేరేటట్టు చూసుకోండి. బండి ఆలస్యమైందని చెప్తే విమానం ఆగదు. అక్కడ దిగాక గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోండి.

సరే, ఇప్పుడు సముద్రం. ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినాలి.

మనలో చాలామందికి ఈత వచ్చు. వ్యవసాయ బావిలో దూకి నేర్చుకున్నవాళ్లం. చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదినవాళ్లున్నారు. ఆ ధైర్యంతోనే సముద్రంలోకి దిగుతారు. బావి నీళ్లు మనిషిని లాగవు. చెరువు నీళ్లు లాగవు. సముద్రం లాగుతుంది. ఈత ఎంత వచ్చినా లాగుతుంది. ఈ మాట మళ్లీ చెప్తున్నాను. బావిలో వచ్చిన ఈత సముద్రానికి సరిపోదు.

మారిషస్ తీరం చుట్టూ చాలావరకు పగడపు దిబ్బలున్నాయి. ఒడ్డున నిలబడి చూస్తే దూరంగా ఒక తెల్లని గీత కనపడుతుంది. అక్కడ అలలు దిబ్బకు కొట్టుకుని విరుగుతాయి. ఆ గీతకు ఇవతల నీళ్లు లేత ఆకుపచ్చగా, నెమ్మదిగా, లోతు తక్కువగా ఉంటాయి. పిల్లలు ఆడుకోవచ్చు. గీతకు అవతల నీళ్లు ముదురు నీలం. అది మహాసముద్రం. ఆ దిబ్బలో అక్కడక్కడ సందులుంటాయి, పడవలు వెళ్లే దారులు. ఆ సందుల దగ్గర నీళ్లు బయటికి గట్టిగా లాగుతాయి. అక్కడికి ఈదుకుంటూ వెళ్లొద్దు.

దక్షిణాన గ్రి-గ్రి అనే చోటుంది. అక్కడ ముందు పగడపు దిబ్బ లేదు. మహాసముద్రం నేరుగా వచ్చి రాళ్లను కొడుతుంది. చూడటానికి గొప్పగా ఉంటుంది, తప్పకుండా చూడండి. పైనుంచి చూడండి. నీళ్లలోకి దిగొద్దు. రాళ్ల అంచున నిలబడి ఫోటోలకు ప్రయత్నించొద్దు. పది చిన్న అలల తర్వాత ఒక పెద్ద అల వస్తుంది, చెప్పి రాదు.

ఒకవేళ నీళ్లు లాగుతున్నాయనిపిస్తే ఏం చేయాలి? ఒడ్డు వైపు ఎదురీదకండి. బలమంతా అక్కడే అయిపోతుంది. వెల్లకిలా తేలండి. చెయ్యి పైకెత్తి పిలవండి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదండి. లాగుడు వెడల్పు ఎక్కువ ఉండదు, పక్కకు జరిగితే వదులుతుంది. పక్కకు. ఎదురుగా కాదు, పక్కకు. ఒడ్డున ఉన్నవాళ్లు కంగారుపడి వెంటనే దూకొద్దు. తేలే వస్తువు ఏదైనా విసరండి, మనుషులను పిలవండి. ఒకరి కోసం దూకి ఇద్దరు పోయిన ఇళ్లు మన వాగుల ఒడ్డునే ఉన్నాయి.

పడవ ఎక్కినప్పుడు లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. పక్కవాళ్లు వేసుకోలేదని మీరు మానొద్దు. మందు తాగి నీళ్లలోకి వెళ్లొద్దు. తలకు హెల్మెట్ పెట్టి సముద్రం అడుగున నడిపించే ఆట ఒకటుంది, మన వాళ్లకు దానిమీద మోజు ఎక్కువ. బీపీ, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోవద్దు. జలుబుతో చెవులు మూసుకున్నా వద్దు. గాలి సిలిండరుతో లోతుకు వెళ్లే స్కూబా డైవింగ్ చేస్తే, ఆ తర్వాత విమానం ఎక్కడానికి మధ్య ఒక పూర్తి రోజు ఉంచండి. అంటే ఆఖరి రోజున డైవింగ్ పెట్టుకోకండి.

కాళ్లకు రబ్బరు బూట్లు. వట్టి కాళ్లతో నీళ్లలో నడవొద్దు. పగడం గీసుకుంటే పుండు తొందరగా మానదు. రాయిలాగే కనపడే ఒక చేప ఉంటుంది. స్టోన్ ఫిష్ అంటారు. దాని వీపు మీద విషపు ముళ్లుంటాయి. తొక్కితే ఆగలేనంత నొప్పి. అప్పుడు కాలును ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేడి నీళ్లు. ఐసు కాదు, వేడి నీళ్లు.

ఎండ కూడా మోసం చేస్తుంది. గాలి చల్లగా తగులుతుంటే తెలియదు. నీళ్ల మీద బోర్లా పడుకుని చేపలను చూసి వచ్చాక రాత్రికి వీపంతా మండుతుంది. పాత చొక్కా వేసుకుని దిగండి.

పగడాల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అవి రాళ్లు కావు, ప్రాణమున్నవి. 2020 జూలై 25న వాకాషియో అనే జపాన్ కంపెనీ ఓడ ఆ దీవి ఆగ్నేయ తీరాన పగడపు దిబ్బ ఎక్కి ఇరుక్కుంది. కొన్ని రోజులకు నూనె కారింది, దాదాపు వెయ్యి టన్నులు. నీలంగా ఉండే నీళ్లు నల్లబడ్డాయి. అప్పుడు ఆ దేశం జనం ఏం చేశారో తెలుసా? ఎవరో వస్తారని చూస్తూ కూర్చోలేదు. చెరుకు ఆకులు, గడ్డి తెచ్చి గుడ్డ సంచుల్లో కుక్కి, పొడుగ్గా కుట్టి, నూనెకు అడ్డంగా నీళ్లమీద తేలేట్టు వేశారు. నూనెను పీల్చుకుంటుందని జుట్టు కత్తిరించి ఇచ్చినవాళ్లున్నారు. ఆడవాళ్లు, మగవాళ్లు, బడిపిల్లలు, నూనెలో మునిగిన చేతులతో పనిచేశారు. అంతగా కాపాడుకున్న సముద్రం అది. ఆ పగడాల మీద మనం బూటు కాళ్లతో నిలబడి ఫోటో దిగొచ్చా? చేపలకు బ్రెడ్డు ముక్కలు వేయొచ్చా? వేయొద్దు. పగడం ముక్క, గవ్వ, ఇసుక, ఏదీ సంచిలో వేసుకుని రావద్దు. చట్టం ఒప్పుకోదు, విమానాశ్రయంలో తీసేస్తారు. చట్టం లేకపోయినా తేవొద్దనే నేనంటాను.

మిగిలినవి తొందరగా చెప్తాను. వాళ్లదీ రూపాయే, మారిషస్ రూపాయి. విలువ మనదానికంటే ఎక్కువ. ధర చూసి ఇంతేనా అనుకోవద్దు, లెక్క కట్టుకోండి. 2024 ఫిబ్రవరి 12 నుంచి మన యూపీఐ, రూపే కార్డు అక్కడ కూడా పనిచేస్తున్నాయి. అన్ని దుకాణాల్లో ఉండదు కాబట్టి కొంత నగదు ఉంచుకోండి. ప్లగ్గులు మన లాంటివి కావు, మందంగా పలకల్లా ఉండే మూడు కాళ్లవి. అడాప్టరు ఇక్కడే కొనుక్కోండి. వాహనాలు మనలాగే ఎడమ వైపు నడుస్తాయి. రోజంతా టాక్సీ పెట్టుకోక్కర్లేదు. బస్సులు ఊరూరా తిరుగుతాయి, కండక్టరు టికెట్ కొడతాడు. పొద్దుగూకితే తగ్గిపోతాయి, అది చూసుకోండి. పోర్ట్ లూయీ నుంచి క్యూర్పిప్ దాకా మెట్రో ఉంది. మన హైదరాబాద్ మెట్రో కట్టిన సంస్థే అదీ కట్టింది. అందులో ఒకసారి అటూ ఇటూ తిరిగితే దీవిలో జనం ఎట్లా బతుకుతున్నారో కనపడుతుంది.

తిండికి భయం లేదు. దాల్ పూరీ దొరుకుతుంది, వీధి బండి మీద. లోపల శనగపప్పు పొడి, మీద కూర, పచ్చడి. శనగపప్పుతో చేసే మిరపకాయ వడల్లాంటివి ఉంటాయి, మన గారెల రుచికి దగ్గర. మాంసం తినేవాళ్లలో కొన్ని మాంసాలు తినని నియమం ఉన్నవాళ్లు, మాంసపు ముద్దలు, ముక్కలు దేనితో చేశారో అడిగి తినండి. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. వాళ్లు అన్ని మతాలవాళ్లూ పక్కపక్కన బతికేవాళ్లు.

ఇక మన మనుషుల దగ్గరికి వద్దాం.

ప్యాకేజీలో వెళ్లినవాళ్లు హోటల్, సముద్రం, షాపింగు చూసి వచ్చేస్తారు. ఆ దేశంలో తెలుగువాళ్లున్నారని తెలియకుండానే తిరిగొచ్చినవాళ్లు ఎందరో. నాకు బాధగా ఉంటుంది. తెల్లవాళ్ల పాలనలో బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చింది. మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడలెక్కించారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో మొదటి జట్టు దిగింది. తర్వాత దశాబ్దాల పాటు నాలుగున్నర లక్షలకు పైగా వెళ్లారు. వాళ్లలో మన తెలుగువాళ్లున్నారు. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి ప్రాంతం నుంచి. కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడ ఎక్కారు కాబట్టి అక్కడ వాళ్లను కోరంగీలు అని పిలిచేవారు. 1839లో వచ్చిన పెద్ద తుపాను ఆ రేవును దెబ్బతీసింది. ఓడ ఎక్కి పోయినవాళ్లు పోయారు. చాలామంది తిరిగి రాలేదు.

పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ అని ఉంది. వచ్చిన కూలీలను దించిన చోటు. రాతి మెట్లున్నాయి, 16. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మీ ప్రయాణంలో ఒక పూట దానికి పెట్టండి. పిల్లలను కూడా తీసుకెళ్లండి. మోకా అనే ఊరిలో మహాత్మా గాంధీ సంస్థ ఉంది. అప్పటి కూలీల రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరి పేరు. చాలామందివి ఫోటోలు కూడా ఉన్నాయి. ఈనాటికీ మనవళ్లు, ముని మనవళ్లు అక్కడికెళ్లి తమ పెద్దల ఊరు ఏదో వెతుక్కుంటారు. అదే సంస్థలో తెలుగు నేర్పుతారు. బడుల్లో కూడా తెలుగు చెప్తారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి.

వాళ్లు సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. అమ్మోరు పండుగ చేస్తారు. దీపం చుట్టూ తిరుగుతూ రామభజన పాడతారు. మీరు అక్కడున్నప్పుడు అట్లాంటిది జరుగుతుందని తెలిస్తే, ఆహ్వానం అడగడానికి సిగ్గుపడకండి. చెప్పులు విడిచి, వెనక కూర్చుని వినండి.

అయితే ఒక మాట. అక్కడి పిల్లలు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, బయట ఫ్రెంచి, ఆఫీసులో ఇంగ్లీషు. వాళ్ల తెలుగు మన తెలుగులా ఉండదు. పేర్ల పలుకుబడి కూడా మారింది, తెల్లవాళ్ల గుమాస్తాలు ఎట్లా రాసుకుంటే అట్లా మిగిలింది. దయచేసి నవ్వకండి. మీకు తెలుగు సరిగ్గా రాదే అనకండి. పరీక్ష పెట్టకండి. నూటా ఎనభై ఏళ్లకు పైగా, సముద్రానికి అవతల, ఎవరూ వెనక లేకుండా నిలబెట్టుకున్న భాష అది. మనం నిదానంగా మాట్లాడితే వాళ్లు మాట్లాడతారు. మీదే కులం అని అడగొద్దు. అక్కడికెళ్లి ఆ ప్రశ్న వేసేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది.

దీవికి వెళ్లినవాళ్లు మనుషులను చూసి రావాలని నేనెందుకింత పట్టుబడుతున్నానంటే, మన డోర్నకల్‌కే ఒక ఉదాహరణ ఉంది. మన బిషప్ అజరయ్య గారు 1902లో సింహళ దీవిలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో సేవ నడుపుకోవడం చూశారు. మన దేశంలో మనమెందుకు చేయలేమనుకున్నారు. మరుసటి ఏడు 1903లో తిరునెల్వేలిలో మిషనరీ సంఘం పుట్టింది. ఆ సంఘం పనికి ఎంచుకున్నది మన డోర్నకల్ ప్రాంతం. 1912లో ఆయన ఇక్కడికి బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. జాఫ్నాలో ఆయన చూడవలసినదాన్ని చూశారు. మన ఊరి బడులు, ఆసుపత్రి, ఆ పెద్ద గుడి, ఆ తర్వాతి సంగతులు.

మళ్లీ మారిషస్ సంగతికొస్తే, అక్కడ గంగా తలావ్ అనే చెరువుంది, అగ్నిపర్వతం నోటిలో ఏర్పడినది. శివరాత్రికి లక్షల మంది కాలినడకన వస్తారు. మామూలు రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది. కోతులుంటాయి, చేతిలో పళ్లు పట్టుకుని నడవొద్దు. పాంప్లెమూస్‌లో పెద్ద తోట ఉంది, మన తాంబూలాల పళ్లెం కంటే ఎన్నో రెట్లు పెద్దవైన తామర ఆకులు అక్కడి కొలనులో చూడొచ్చు. పెద్దవాళ్లకు సముద్రం కంటే ఈ రెండూ ఎక్కువ నచ్చుతాయి.

చివరగా, పెన్ను కాగితం దగ్గరుంటే కొన్ని నంబర్లు రాసుకోండి. మారిషస్‌లో అంబులెన్సుకు 114. మళ్లీ చెప్తున్నాను, అంబులెన్సుకు ఒకటి, ఒకటి, నాలుగు. అగ్నిమాపక దళానికి 115. పోలీసులకు 999. భారత హైకమిషన్ పోర్ట్ లూయీలో ఉంది. దాని ఫోన్ నంబరు బయల్దేరే ముందే వెతికి, మీ హోటల్ పేరుతో కలిపి ఒక చిన్న కాగితం మీద రాసి, ఇంట్లో పెద్దవాళ్లకు ఒకటి ఇచ్చి, ఇంకొకటి మీ జేబులో పెట్టుకోండి. ఇన్సూరెన్సు తీసుకోండి, అందులో నీళ్లలో ఆడే ఆటలు కూడా ఉన్నాయో లేదో చదివి సంతకం పెట్టండి.

పైలంగా వెళ్లి రండి.